తెర ముందు ఇద్దరు

సెలవు రోజు సాయంత్రం ఆరింటికి ఆమె డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి రెండు గదుల మధ్య తెర కట్టి ఉంది. తెర వెనక దీపం వెలుగుతోంది.

"వచ్చామండీ," అంది చెప్పులు విడుస్తూ. "నేనూ, బుడ్డోడూ."

లోపల చెక్క మీద ఒక్క తట్టు వినిపించింది. సరే అని అర్థం.

బుడ్డోడు రాలేదు. ఆమె ఒక్కతే వచ్చింది.

ఏడాది చివరి సెలవుకి నీడల ఆట ఆడటం ఆ ఇంట్లో మామగారి నాడు మొదలైంది. ఆయనకి నత్తి. అందుకే ఆ ఆటలో మాటలుండవు. అట్టబొమ్మలు, దీపం, చెక్క చప్పుడు, అంతే. ఆడేవాడు ముందే వెళ్లి తెర వెనక కూర్చోవాలి. దీపం ఆర్పేదాకా నోరు విప్పకూడదు. ఎవరూ తెర ఎత్తి చూడకూడదు. మామగారు పెట్టిన షరతు ఇంకొకటుంది. తెర ముందు ఇంటి మనిషి ఒక్కరు తగ్గినా ఆ ఏడు ఆట లేదు. ఒక్క ఏడు ఆగిందా, బొమ్మలు పొయ్యిలో పెట్టేయాలి.

మామగారి తర్వాత ఆమె భర్త ఆ మాట జవదాటలేదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోసి మోసి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. చలి తగిలితే తన పూచీ లేదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాక పని మానేసి మంచం పట్టాడు. అలాంటి మనిషి సెలవు దగ్గరపడేసరికి లేచి కత్తెర అందుకున్నాడు.

కొనడానికి ఏమీ లేదు. ఆమె ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. చిరిగి పక్కన పడేసిన దుప్పటి ఒకటి అడిగి తెచ్చింది. అది తెర అయింది. బొమ్మలకి ఖాళీ మందుపెట్టెలు సరిపోయాయి. గుర్రం పొట్ట మీద "భోజనం తర్వాత" అన్న అక్షరాలు మిగిలిపోతే, నీడలో కనపడవులే, అయినా గుర్రం కూడా తినే బయల్దేరుతుందిగా అన్నాడు. చాలా రోజులకి ఆ ఇంట్లో వినిపించిన హాస్యం అది. ఈ ఆట కోసమే ఆయన లేచి తిరుగుతున్నాడని ఆమెకి తెలుసు. ఆగితే మళ్లీ మంచం ఎక్కుతాడు. ఈసారి దిగడు.

ఇంతలో పీల్చే మందు అడుగంటింది.

తల ద్వారబంధానికి తగిలేంత ఎదిగినా కొడుకు ఆ ఇంట్లో బుడ్డోడే. ముందురోజు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. తండ్రి పనిచేసిన కోల్డ్ స్టోరేజీలోనే ఒకతను సెలవు పెట్టాడట. అతని బదులు తను మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్తాడట. సెలవు రోజు కూలీ రెట్టింపు, మందుకి సరిపోతుంది. అక్కడ ఎవరి బదులు ఎవరొచ్చినా పట్టించుకోరట. తల నుంచి కాళ్ల దాకా కోటు, మూతికి గుడ్డ. సూపర్‌వైజరు తలకాయలు లెక్కపెట్టుకుని పోతాడట. లాండ్రీ దగ్గరికి వెళ్లి అమ్మని తీసుకొస్తానని తండ్రికి చెప్పి బయటపడతానన్నాడు.

"మీ నాన్నకి తెలిస్తే?"

"తెర వెనక నుంచి ఏం కనపడుతుందమ్మా? నా నవ్వేదో నువ్వే నవ్వెయ్. చిన్నప్పట్నుంచీ వెక్కిరిస్తూనే ఉన్నావుగా."

అవతలి గదిలో దగ్గు వినిపించింది. ఇద్దరూ మాట మార్చేశారు.

ఇప్పుడు గుమ్మం పక్కన భర్త పాత పని బూట్లు కనపడలేదు. అడక్కుండానే వేసుకుపోయాడు వెధవ, అనుకుంది. రెండు కుర్చీలు తెర ముందుకి లాగింది. ఒకదాంట్లో కూర్చుని రెండోదాన్ని చేత్తో నొక్కి కిర్రుమనిపించింది.

ఆట మొదలైంది. గుర్రం తప్పిపోయిన ముసలాడి కథ. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి అదే కథ. ముసలాడు కొండ మీద గుర్రాన్ని పట్టుకుని, తోకవైపు తిరిగి ఎక్కి కూర్చుంటాడు. అక్కడ బుడ్డోడు ఎక్కిళ్లు వచ్చినట్టు నవ్వుతాడు. ఆమె గొంతు లావు చేసి అలాగే నవ్వింది.

తెర మీద గుర్రం ఆగిపోయింది.

దొరికిపోయాననుకుంది. "చాల్లేరా, పక్కింటివాళ్లు పరిగెత్తుకొస్తారు," అని ఖాళీ కుర్చీని కసిరింది. కాసేపటికి గుర్రం కదిలింది. నడకలో ఎప్పటి ఒడుపు లేదు. ముసలాడు ఒకసారి జారి కింద పడ్డాడు. నీరసం కాబోలు అనుకుంది. ఒక్కటి మాత్రం ఆమెకి ఊరటగా ఉంది. ఆట మొదలైన దగ్గర్నుంచి ఒక్క దగ్గు లేదు. ఆమె ఇంకో రెండుచోట్ల నవ్వింది. నవ్విన ప్రతిసారీ గుర్రం ఆగింది.

ముసలాడూ గుర్రమూ ఇల్లు చేరారు. దీపం ఆరింది.

ఆమె లేచి రెండో కుర్చీని వెనక్కి లాగింది. "అప్పుడే ఎక్కడికిరా? అన్నం తినవా?" అంటూ వీధి తలుపు తీసి, చప్పుడయ్యేలా వేసింది. చీకట్లోనే తెర దగ్గరికి నడిచింది.

"మీవాడు స్నేహితులంటూ పోయాడు. ఇంత నవ్వాడు కదా, ఇక కాలు ఆగదు వాడికి," అంది. "బాగా ఆడారండీ. మామగారుంటే సంతోషించేవారు."

తెర వెనక ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

"ఇప్పుడు కంటతడి దేనికి? ఇంటిల్లిపాదీ ఉన్నాం, ఆట ఆగలేదు. ఇంకేం కావాలి మీకు? రండి, వేడినీళ్లు పెడతాను."

ఆమె తెర అంచు పట్టుకుని నిలబడింది.

"నేను వద్దన్నా వినకుండా నాన్నే బూట్లేసుకుని షిఫ్టుకి పోయాడమ్మా."