కుడిచేతికి ఆరు

వజీరున్నీసా చెప్పులు వీధిలోనే విడిచింది. గడప దాటకుండా నిలబడింది. ఆమె నెత్తిన గాజుల గంప లేకపోవడం నాగమణమ్మ చూడటం ఇదే మొదలు.

నాగమణమ్మ వెంటనే తల దించుకుంది. దూదిలో చుట్టిన మనుమరాలిని ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంది.

పది రోజుల కిందట, ఏడో నెలని పుట్టింటికి తెచ్చుకున్న విజయలక్ష్మికి గాజులు తొడిగింది ఈ వజీరున్నీసాయే. ఆ ఇంటి ఆచారం చేతికి ఏడేసి. బేసి లెక్క తప్పితే కడుపు నిలవదని పెద్దల భయం. నిన్న పొద్దున నొప్పులు రానే వచ్చాయి. మంత్రసానికి కబురు పెట్టకుండానే కూతురికి తల్లే పురుడు పోసింది. తరువాత వచ్చిన పక్కింటి పుష్పమ్మ బాలింత చేతులు పట్టుకుని లెక్కపెట్టింది. ఎడమచేతికి ఏడు. కుడిచేతికి ఆరు.

యుద్ధం పేరు చెప్పి గాజుల ధరలు పెంచిన రోజులు. వజీరున్నీసా ఒక గాజు మిగుల్చుకుందని పుష్పమ్మ వీధంతా చెప్పింది. ఇక ఆమె చేత గాజులు తొడిగించుకోబోమని కార్వాన్ పేట ఆడవాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆమె పొయ్యి వెలిగింది ఆ వీధి చేతుల మీదే.

"ఏడే తొడిగిన అనుకున్న అమ్మా," అంది వజీరున్నీసా. "కండ్లు మసకలైనయి. గిన్తీ, లెక్క తప్పిందేమో. బిడ్డ ఎట్లున్నది?"

వంటింట్లోంచి పుష్పమ్మే బదులిచ్చింది.

"ఏడు బేసి నెల గదా, బతుకుతది. ఎనిమిదైతే దక్కకపోతుండె. ఇందుల నీ పుణ్యమేం లేదు."

ఒక్కసారి చూస్తానని వజీరున్నీసా చేయి చాచింది. గాలి తగలకూడదంటూ నాగమణమ్మ దూది బిగించింది.

"విజ్జికి తొలి నల్లగాజులు నేనే వేసిన గదమ్మా. నాది తప్పు కాదని ఒక్క మాట అను. నువ్వంటే వీధి వింటది."

ఆ మాట నాగమణమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. సాయంత్రం వియ్యపురాలు వస్తోంది. లోపల విజయలక్ష్మి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"గిన్తీ నువ్వే తప్పినవ్ వజీరా," అంది చివరికి. "పో."

వజీరున్నీసా ఒక అడుగు వెనక్కి వేసింది. బిడ్డను ఖుదా చల్లగా చూడాలని దీవించి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వీధిలోకి దిగింది. ఆమె సందు మలుపు తిరిగేదాకా నాగమణమ్మ చూస్తూనే ఉంది.

పెళ్ళై ఏడు నెలలే అయిన కూతురికి తొమ్మిది నెలలు నిండి పుట్టిన ఆ పిల్ల పొడుగాటి గోళ్ళను, నిన్న పుష్పమ్మ తలుపు తట్టేలోపల తన పళ్ళతో ఒక్కొక్కటే కొరికేసింది నాగమణమ్మే.