ఎర్ర రిబ్బను పిన్ను

పన్నెండో నెంబరు కారు బానెట్ ఒక్క ఉదుటున పైకి లేచి అద్దానికి అడ్డం పడింది. ముందు ఏముందో కనిపించని డ్రైవరు గుడ్డిగా మలుపు తిప్పాడు. కారు గిరగిరా తిరిగి, టైర్ల గోడను గుద్దుకుని ఆగిపోయింది.

స్టాండులో జనమంతా లేచి నిలబడ్డారు. కళ్ళజోళ్ళ షాపాయన మాత్రం లేచినవాడు లేచినట్టే కూలబడ్డాడు. ఇంకో రెండు రౌండ్లయితే గెలవాల్సిన కారది. దానికోసం పొద్దుటినుంచీ గొంతు చించుకున్నాడు. నెత్తిమీద టోపీ, ఒంటిమీద చొక్కా, బుగ్గల మీద రంగు, అన్నీ ఆ టీము పసుపే.

"దిగాడు! డ్రైవరు దిగాడు!" ఎవరో అరిచారు. కుంటుతూనైనా తన కాళ్ళ మీద తనే నడిచి వెళుతున్న డ్రైవరుకి స్టాండంతా చప్పట్లు కొట్టింది.

అప్పుడు మైకులో వినిపించింది. "బానెట్‌ని పట్టి ఉంచే నాలుగు పిన్నుల్లో ఒకటి లేదు. మూడే ఉన్నాయి. మెకానిక్ పెట్టడం మరిచిపోయి ఉండాలి."

మైదానం మధ్యనున్న పెద్ద తెర మీద మెకానిక్ కనిపించింది. పొట్టి జుట్టు అమ్మాయి. ఏదో చెప్పబోతోంది. టీము మేనేజరు వినకుండా ఆమె మెడలోని గుర్తింపు కార్డు లాగేసుకున్నాడు.

"నిద్దరోయినట్టుంది మహాతల్లి!" వెనక వరసలో ఎవడో అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు.

షాపాయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. లోపల వేలెడంత ఉక్కు పిన్ను చల్లగా తగిలింది.

"మామయ్యా," అన్నాడు పక్కనున్న పెద్దాయనతో, పెదవులు కదిలీ కదలకుండా. "ఘోరం జరిగిపోయింది."

మామగారు రిటైరైన హెడ్మాస్టరు. పెన్సిలు దొంగల చెవులు మెలిపెట్టడంలో ఆయనకి పెద్ద పేరు. ఆయన నెత్తిమీదా పసుపు టోపీయే. "ఏమిటి?" అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

షాపాయన గుప్పిట కొంచెం తెరిచాడు. పిన్ను, దాని చివర ఎర్ర రిబ్బను. "రేసుకి ముందు మనల్ని కార్ల దగ్గరికి వదిలారుగా. అప్పుడు తీశాను. తాళాల గుత్తికి తగిలించుకుందామని."

మామగారి ముఖం పాలిపోయింది. "ఎక్కణ్ణుంచి తీశావు?"

"బల్ల మీద ట్రేలోంచి."

"ట్రేలోంచేనా? సరిగ్గా గుర్తుందా?"

"గుర్తుంది మామయ్యా. ఇది కనబడక ఆ అమ్మాయి మూడే పెట్టి ఉంటుంది."

"అయితే వెంటనే వెళ్ళి ఇచ్చెయ్యి. ఉన్నదున్నట్టు చెప్పు."

"మీరూ రండి. నేనొక్కణ్ణీ వెళ్ళలేను."

"నా మోకాళ్ళ సంగతి తెలుసుగా. వెళ్ళు అల్లుడూ, ఆలస్యం చెయ్యకు."

షాపాయన మెట్లు దిగాడు. ఒక్క స్క్రూ కిందపడితే చాలు, షాపులో పనివాళ్ళ మీద ఇంతెత్తున లేస్తాడు. 'ఆ స్క్రూ లేకపోతే జోడు ముక్కుమీద నిలుస్తుందా?' అని ఎన్నిసార్లు అరిచాడో! ఆ మాటలిప్పుడు అడుగడుగునా చెంపలు వాయిస్తున్నాయి. దారిలోనే టోపీ తీసి మడిచి చంకలో పెట్టుకున్నాడు. చొక్కా రంగుని దాచే దారి మాత్రం కనిపించలేదు.

గ్యారేజీ వెనక గుమ్మం దగ్గర ఆ అమ్మాయి తన పనిముట్లు సంచిలో సర్దుకుంటోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా... ఇది నేనే తీశాను," అని పిన్నున్న చెయ్యి చాచాడు. "మీ మేనేజరుగారి దగ్గరికి తీసుకెళ్ళండి. పోలీసులకి అప్పగించినా సరే."

ఆమె పిన్ను అందుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ట్రేలోంచి తీశారా సార్?"

తలూపాడు.

"ఇది వంగిపోయింది, చూడండి. పాతది. ఆ ట్రేలో అన్నీ ఇలాంటివే. జనం ఏదో ఒకటి జేబులో వేసుకోకుండా వెళ్ళరు. మంచివాటి జోలికి రాకుండా ఉంటారని, పారేయాల్సినవాటికీ కారుకున్నవాటిలాగే ఎర్ర రిబ్బన్లు కట్టి అక్కడ పెడతాం."

షాపాయన తలొంచుకున్నాడు. ఎలుకకి పెట్టిన ఎర తిన్నానన్నమాట! సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా గుండెల మీంచి బండ దిగింది.

"మరి ఆ నాలుగో పిన్ను?"

"నా చేత్తో పెట్టాను సార్. జనాన్ని వదలకముందు నాలుగూ లాగి చూశాను కూడా. వాళ్ళు వెళ్ళాక ఇంకోసారి చూడాల్సింది, చూడలేదు. ఇప్పుడెవరు నమ్ముతారు?" పిన్ను అతని చేతిలో పెట్టి, సంచి జిప్పు లాగింది. "ఎనిమిదేళ్ళ ఉద్యోగం. పోనీలెండి, మీరైనా వచ్చి నిజం చెప్పారు."

ఆ మాటకి ఆమె ముఖం చూడలేక వెనుదిరిగాడు.

అతను వచ్చేసరికి రేసు ముగిసి స్టాండు ఖాళీ అవుతోంది. మామగారు కూర్చున్నచోటే ఉన్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అల్లుణ్ణి చూడగానే ఆత్రంగా ముందుకు వంగాడు.

"ఏమన్నారు? నీ పిన్ను వల్లే జరిగిందన్నారా?"

"కాదు మామయ్యా, బతికిపోయాను! ట్రేలో ఉన్నవన్నీ పనికిరాని పాతవేనట. మనలాంటివాళ్ళ కోసమే పెడతారట."

మామగారి ముఖం వెలగలేదు.

"పాపం ఆ పిల్లే అన్యాయమైపోయింది. నాలుగూ పెట్టానని ఏడుస్తోంది," అన్నాడు షాపాయన.

మామగారు టోపీ కింద నుంచి చెయ్యి బయటికి తీసి, మెల్లగా గుప్పిట విప్పాడు. ఎర్ర రిబ్బను పిన్ను. సూదిలా తిన్నగా, కొత్తగా మెరుస్తోంది.

"ట్రే దగ్గర మరీ తోసుకుంటున్నారని..." అన్నాడు పెద్దాయన, "నేను కారుకున్నదే లాగేశాను అల్లుడూ."