రుమాలు కింద నాడి

నిజాం పాలన పోయిన మరుసటేడు. తాండూరు గంజ్‌లో, ధాన్యం అంగట్లో, ఆ పొద్దున నా చేతిలో ఉన్నది కందులు అమ్మవచ్చిన రైతు శంకరప్ప మణికట్టు. పక్కవాళ్లకు ధర తెలియకుండా రుమాలు కింద వేళ్లతో కందుల బేరం చేస్తూ, ఎదుటివాడి నాడి కూడా చూడటం నా అలవాటు. అవసరంలో ఉన్నవాడి నాడి ఉరుకుతుంది.

శంకరప్పది నిదానంగా ఉంది. ఎప్పటిలా మొండికేస్తాడనుకున్నాను. అతను నా మణికట్టు బిగించి పట్టాడు.

“సేటూ, నీ నాడి నడుమ నడుమ ఆగుతున్నది.”

“బేరం చెయ్యి, వైద్యం వద్దు.”

“మా అన్నకు గిట్లనే ఉండె. వికారాబాద్ డాక్టరు పిడికిలి చూపిచ్చి, గుండె గింతే, నెత్తురు తోడుడే దాని పని, ఆగితే పరేషానే అన్నడు.”

“మీ అన్న ఇప్పుడెట్లున్నడు?”

శంకరప్ప తల వంచుకున్నాడు. “నువ్వన్న ధరకే తీస్కో, సేటూ.”

కందులు చవగ్గా దక్కాయి. రుమాలు కింద బిగుసుకున్న నా పిడికిలి విప్పడానికి మాత్రం భయమేసింది.