ఇరవయ్యొక్క తరాలు

"ఆ ఫొటో వద్దురా, అందులో నవ్వుతున్నాను. త్యాగం చేసేవాడు నవ్వకూడదు," అన్నాడు పాండురంగారావు.

మేనల్లుడు సాయికృష్ణ ఫోన్లో ఇంకో ఫొటో చూపించాడు. సాయంత్రానికల్లా పెంటపాడు సెంటర్లో ఫ్లెక్సీ కట్టాలి మరి.

పాండురంగారావుకు డెబ్బై ఏళ్లు. పదెకరాల ఆసామి. షుగరు లేదు, బీపీ లేదు. కొల్లేటి గట్టున ఆశ్రమం పెట్టిన నిత్యానందస్వామి మాత్రం ఆయనలో ఒక లోటు కనిపెట్టాడు. మోక్షం లేదట. అన్నపానీయాలు మాని ప్రాణం వదిలితే ఇరవయ్యొక్క తరాలు తరిస్తాయన్నాడు. ఆ ఉదయమే పాండురంగారావు హాల్లో దర్భాసనం వేసుకుని కూర్చున్నాడు.

"ఇది ఆత్మహత్య నాన్నగారూ!" కొడుకు శ్రీహరి ఏడ్చాడు.

"త్యాగం," అని సరిదిద్దాడు స్వామి, పక్కనే విస్తరి ముందు కూర్చుని పనసపొట్టు కూర మరో గరిటె వేయించుకుంటూ. "శరీరం అద్దెకొంప నాయనా. ఖాళీ చెయ్యడమే. అమ్మా, గడ్డపెరుగు ఉందా?"

పెరుగు తెచ్చిన భార్య బాలాత్రిపురసుందరి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ, మీరు లేని ఇంట్లో నాకు మాత్రం ముద్ద దిగుతుందా? నేనూ మానేస్తానండి."

అంతే, వెళ్లి లోపలి గదిలో పడుకుంది.

స్వామి పరవశించిపోయాడు. "దంపతులిద్దరూనా! ఎంత అదృష్టం!"

సాయికృష్ణ ఫ్లెక్సీలో రెండో ఫొటోకి చోటు చేశాడు. తన ఫొటో సగానికి తగ్గేసరికి పాండురంగారావు మొహం చిన్నబోయింది.

రెండో రోజు ఊరంతా వచ్చి కాళ్లకు దండం పెట్టింది. "మా అబ్బాయి ఉద్యోగం సంగతి కూడా పైన ఓ మాట చెప్పండి బాబూ," అని పక్కింటి మంగాయమ్మ వేడుకుంది.

కోడలు అలేఖ్య గంటకోసారి లోపలి కబురు మోసుకొచ్చేది.

"అత్తయ్యగారు మంచినీళ్లు కూడా వద్దంటున్నారండీ మావయ్యగారూ."

"లేచి కూర్చోలేకపోతున్నారండీ."

మూడో రోజు మధ్యాహ్నం ఆమె గొంతు వణికింది. "మాట తడబడుతోందండీ. మీకు అన్నం పెట్టాలంటూ లేవబోతున్నారు."

జపమాల ఆగింది. నలభై ఆరేళ్లుగా ఆ మనిషి ఆయన తిన్నాకే తింది. ఆమెకి ఏం మిగిలేదో, అసలు మిగిలేదో లేదో, ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

"స్వామీ, మా ఆవిడ నాకంటే ముందే పోతుందా?"

"పుణ్యస్త్రీగా పోతుంది నాయనా! అంతకన్నా ఏం కావాలి?"

పాండురంగారావు గోడ పట్టుకుని లేచాడు.

"అమ్మాయ్, మజ్జిగ తే."

"మరి ఇరవయ్యొక్క తరాలు?" స్వామి కంగారుపడ్డాడు.

"వాళ్ల మొహాలు నేనెరగనండి. ఈవిడ మొహం ఎరుగుదును."

లోపలికెళ్లి భార్య తల ఒళ్లోకి తీసుకున్నాడు. "తాగవే త్రిపురా. నేనెక్కడికీ పోను."

"మీరు ముందు," అందామె నీరసంగా. ఆయన తాగాడు. తర్వాత ఆమె తాగింది. ఇద్దరికీ కళ్లు తడిశాయి.

భక్తి చాల్లేదని విసుక్కుంటూ స్వామి కారెక్కాడు. సాయికృష్ణ ఫ్లెక్సీ తీయించలేదు, కింద అక్షరాలు మార్పించాడంతే. 'భార్య కోసం మోక్షాన్నే వదులుకున్న త్యాగమూర్తి.'

త్యాగమూర్తి జావ తాగి కునుకు తీశాక, అలేఖ్య అత్తగారి గది తలుపు దగ్గరగా వేసి, నవ్వాపుకుంటూ మంచం మీద కూర్చుంది.

"అత్తయ్యగారూ, ఇకనుంచి దాక్కుని తినక్కర్లేదండీ."