బోరింగు దగ్గరి కుండ

బోరింగు దగ్గరి కుండలో నీళ్లు ఎవరో ఎత్తుకుపోతున్నారు. అది ఎవరో బట్టలకు రంగులేసే అద్దకం ఆయనకు తెలుసు. కావలసింది రుజువొక్కటే.

పోయిన నెల కుళాయి గొట్టాలు వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయాయి. ఇక నీళ్ల దగ్గర ఎవరినీ నమ్మకూడదని ఆయన ఆరోజే భార్యకు పాఠం చెప్పాడు. మిగిలింది ఒక్క ముసలి బోరింగు. పైనుంచి కుండెడు నీళ్లు పోస్తే గానీ అది పలకదు. అందుకే చివర కొట్టినవాళ్లు తర్వాతివాళ్ల కోసం ఆ కుండ నింపిపెట్టి వెళ్లాలి.

సాయంత్రం చివర కొట్టేది పక్కింటి సెలూన్ ఆయన. పొద్దున్నే మొదట వెళ్లేది అద్దకం ఆయన. వెళ్లేసరికి కుండ ఖాళీ. బోరింగులో పోసే నీళ్ల కోసం చచ్చినట్టు కాలవ దాకా నడవాల్సి వస్తోంది.

చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ఏళ్ల తరబడి బావా అంటే బావా అనుకున్నారు. రెండు పెరళ్ల మధ్య గోడకు తలుపు కూడా పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ తలుపు మూసెయ్యడానికి ఇటుకలు దిగాయి.

"ఇటుకలెందుకు బావా?" అడిగాడు సెలూన్ ఆయన.

"పనుంది."

"మొయ్యాలంటే నన్ను పిలువు."

ఏం నటన, అనుకున్నాడు అద్దకం ఆయన. ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం సెలూన్ ఆయన అందరూ చూస్తుండగా కుండ నింపి వెళ్లాడు. అందరూ ఇళ్లకు పోగానే అద్దకం ఆయన కుండలో నీలిరంగు కలిపాడు. నల్లకుండలో రంగు తెలియదు. సెలూన్ తువ్వాళ్లు మాత్రం అన్నీ తెలుపే, ఉతికితే బండారం బయటపడుతుంది. సంగతి ఇంట్లో కూడా పొక్కనివ్వలేదు. భార్య నోట్లో నువ్వుగింజ నానదని ఆయన భయం.

తెల్లారింది. కుండ ఖాళీ. ఆయన ఉషారుగా ఇంటికొచ్చి, పెరటి గోడ మీదుగా తొంగి చూశాడు. దండెం నిండా తువ్వాళ్లు. పాలలా తెల్లగా ఉన్నాయి.

ఎక్కడైనా నీలం మరకుందేమోనని మళ్లీ చూశాడు. వెనక నుంచి భార్య వచ్చింది.

"ఏమండీ, మీ తెల్లచొక్కా చూడండి. ఉతికితే ఇలా నీలంగా తేలింది."

"ఏ నీళ్లతో ఉతికావు?" అడిగాడు.

"బోరింగు కుండలో నీళ్లే. ఎవరినీ నమ్మొద్దని మీరేగా చెప్పారు? అందుకే రోజూ మీరు లేవకముందే వెళ్లి, పక్కింటివాళ్లు పట్టుకుపోకుండా నేనే ఒంపుకొచ్చేస్తున్నాను."