ఎడమవైపు చందమామ

"టీచరమ్మా, ఈమెను తిప్పేశారా?"

క్లబ్బు గోడమీది పోస్టరు ముందు నిలబడి మెల్లగా అడిగాడు కుసాకాబే తాత.

షిహో చుట్టూ జనం. ఫోన్లు ఎత్తి ఆమెనూ పోస్టరునూ కలిపి ఫోటోలు తీస్తున్నారు.

"తర్వాత మాట్లాడదాం తాతగారూ!" అంది నవ్వుతూ.

ఆయన ఇంకేదో అనబోయి ఆగాడు. తెచ్చిన మోచీల పొట్లం, బియ్యప్పిండి మిఠాయిలు, బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

పాపం, ఆమెకు మాత్రం తీరికెక్కడిది? పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే ఉద్యోగం ఆమెది. ఆదివారం వస్తే మాత్రం జపాన్‌లోని ఈ మత్సుయే ఊరి ఫోటో క్లబ్బులో ఆమె చేతికి తిరుగులేదు. ఒకచోటి మనిషి, ఇంకోచోటి వంతెన, మరెక్కడిదో ఆకాశం. మూడూ కోసి తెచ్చి అతుకు కనిపించకుండా ఒకే ఫోటో చేసేస్తుంది. పదకొండేళ్ళ సరదా. ఇన్నాళ్ళకు ఊరి వెన్నెల పండుగ పోస్టరు పోటీలో మొదటి బహుమతి వచ్చింది. బొమ్మ కింద తన పేరుతో ఊళ్ళో ప్రతి గోడమీదా పోస్టరు పడింది.

వంతెన, ఎడమవైపు గుమ్మడికాయంత చందమామ, మధ్యలో కిమోనో కట్టుకుని నవ్వుతున్న ఒకావిడ. ఆవిడ ఫోటో ఇంటర్నెట్‌లో ఎవరో ఊరికే ఇచ్చింది.

కుసాకాబే తాత వసంతంలో చేరాడు. కంప్యూటరూ తెచ్చేవాడు కాదు, ఫోటోలూ తెచ్చేవాడు కాదు.

"మీ ఫోటోలు తెచ్చుకోండి, నేర్పుతాను" అంటే,

"నావన్నీ ఇచ్చేశానమ్మా" అనేవాడు.

"మరెందుకు వస్తున్నట్టు?"

"ఫోటోల్లోని మనుషులు ఎక్కడెక్కడికి వెళ్తారో చూద్దామని."

"తాతకి చాదస్తం ముదిరింది" అని షిహో చెవిలో కిసుక్కుమనేది రీసా. ఇద్దరూ ప్రాణస్నేహితులు. పోటీలో రీసాకు రెండో స్థానం.

మంగళవారం మున్సిపల్ ఆఫీసు నుంచి ఫోను.

"క్షమించాలి షిహోగారూ. మీ పోస్టర్లు తీసేయిస్తున్నాం."

"అదేంటి! ఎందుకు?"

"బొమ్మలో ఆవిడ కిమోనో ఒకసారి చూసుకోండి. కుడి అంచు ఎడమదాని పైకుంది."

షిహో ఎదురు గోడమీది పోస్టరు చూసింది. నిజమే.

కుడి అంచు పైకొచ్చేలా కట్టేది శవానికి! పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. చందమామ ఎడమవైపు, ఫోటోలో ఆవిడ ముఖంమీది వెలుగు కుడివైపు. రెండూ కలవాలని ఫోటోను ఎడమా కుడీ మార్చేసింది. వెలుగు అద్దినట్టు సరిపోయింది. కట్టు కూడా మారిపోతుందని తోచలేదు. పోటీ పెద్దలూ చందమామనే చూసి మురిసిపోయారు.

"ఎవరు చెప్పారు మీకు?"

"మీ క్లబ్బువాళ్ళే. పేరు చెప్పకూడదండి."

చెప్పాలా? తిప్పేశారా అని అడిగింది ఒక్కరే కదా!

ఆదివారం తాత మళ్ళీ మోచీలతో వచ్చాడు. షిహో గుమ్మంలోనే నిలదీసింది.

"ఆర్నెల్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పానే! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. తప్పు కనిపిస్తే నాకు చెప్పాలి గానీ, వెనక నుంచి పొడుస్తారా?"

"నేను ఆఫీసుకి చెప్పలేదమ్మా. మీకే చెబుదామని ఆ రోజు..."

"చాలు! ఇంక రాకండి."

"పోనీవే, పెద్దాయన" అంటూ రీసా షిహో భుజం నిమిరింది.

తాత నడుము దాకా వంగి నమస్కరించాడు. "పొరపాటు నాదేనమ్మా. ఆ రోజే గట్టిగా చెప్పాల్సింది." మోచీల పొట్లం ఈసారి బల్లమీద పెట్టలేదు, పట్టుకునే వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి గోడలమీద రీసా బొమ్మ వెలిసింది. రెండో స్థానం కదా, న్యాయమే అనుకుంది షిహో. తనే ముందుగా అభినందించింది కూడా, పిచ్చి మొహం!

బహుమతి పత్రం తిరిగిచ్చేయడానికి ఆఫీసుకి వెళ్తే, కౌంటర్లో కొత్తమ్మాయి నోరు జారింది.

"రీసాగారు ఫోను చేయకపోతే మా పరువు పోయేదండీ. మీరు తయారు చేస్తున్నప్పుడే చూశారట. చెబితే మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నారట."

షిహో అక్కడే కుర్చీలో కూలబడి ఫోను చేసింది.

"ముందే చూశావా?"



"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"పోటీ అన్నాక పోటీయే కదే. నీ తప్పులు దిద్దడం నా పనా?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అలా అయింది. పదకొండేళ్ళు ఒకే బల్లమీద పక్కపక్కన కూర్చున్న మనిషి! షిహోకి ఏడుపు తన్నుకొచ్చింది. అంతకంటే ఎక్కువగా, గుమ్మంలో వంగిన ఆ నడుము గుర్తొచ్చింది.

తాత ఇల్లెక్కడో క్లబ్బులో ఎవరికీ తెలీదు. ఫోను నంబరూ లేదు. ఎవరూ ఏనాడూ అడిగితే కదా!

కనీసం బొమ్మయినా సరిచేద్దామని ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆవిడ అసలు ఫోటో దాచుకోలేదు, మళ్ళీ దించుకుందామని చూస్తే అక్కడ ఒక్క ఫోటో లేదు. పోయిన ఆదివారం ఇచ్చినాయన అన్నీ తీసేశాడట.

మొదట దించుకున్నప్పుడు ఫోటోతోపాటు చిన్న ఉత్తరం కూడా వచ్చింది. మూడు నెలలుగా తెరవకుండా కంప్యూటర్లోనే పడి ఉంది. ఉచితంగా వచ్చినదాని కింద రాసింది ఎవరు చదువుతారు?

ఇప్పుడు తెరిచింది.

"ఇది నా భార్య, ముప్పై ఏళ్ళ కిందట. ఇప్పుడు మంచం దిగలేదు. డబ్బు వద్దు, మీ బొమ్మల్లో పెట్టి ఆమెకు నాలుగు ఊళ్ళు చూపించండి, చాలు. ఎడమా కుడీ మాత్రం మార్చకండి, ఆమె ఇంకా బతికే ఉంది — కుసాకాబే."