కుంచె పట్టుకున్నావిడ

ఆవిడ మళ్ళీ వచ్చింది.

పార్కు వాచ్‌మన్ పొద చాటున నక్కి చూశాడు. చంకలో సంచి, తల చుట్టూ కొంగు, దిక్కులు చూసే చూపులు. దొంగ అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

నడకదారి పొడుగునా నీలిపూలు. ఏటా వేసవి చివర్లో పూసి, గింజ రాల్చి, ఎండిపోయే మొక్కలవి. జనం టిక్కెట్టు కొనేదే వాటి కోసం. రెండేళ్ళుగా పూత పలచబడుతోంది.

"ఎవరో పీక్కుపోతున్నారు. ఈసారి పట్టుకోకపోతే నువ్వు ఇంటికి పోవడమే," అన్నాడు ఆఫీసరు.

అప్పట్నుంచీ వాచ్‌మన్‌కి కంటి మీద కునుకు లేదు. దారికి అడ్డంగా ఉరికే ముంగిసని కూడా అనుమానంగానే చూస్తున్నాడు.

ఆవిడ వంగింది. పూవు కోయలేదు. పిల్లలు బొమ్మలకి రంగులేసే కుంచె తీసి, ఒక పూవులో తిప్పింది. ఆనక పక్క మొక్క పూవులో తిప్పింది.

దీని దుంప తెగ, మందు పూస్తోంది.

"ఏంటమ్మా అది?" వెనకనుంచి గద్దించాడు.

ఆవిడ ఉలిక్కిపడింది. కుంచె కొసకి పసుప్పచ్చటి పొడి అంటుకుని ఉంది.

"ఏం లేదు బాబూ. పూలకి కాస్త..."

"కాస్త విషం పెడుతున్నావా? ఎవరు పంపారు? నర్సరీ వాళ్ళా?"

"ఎవరూ పంపలేదు. గేటు పక్క చెట్టుకి పెద్ద తేనెపట్టు ఉండేది కదా. ఇప్పుడు లేదే. అందుకని..."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం? మాట మార్చకు."

రెండేళ్ళ కిందట ఆ పట్టుకి పొగ పెట్టింది తనే. జనం భయపడుతున్నారని ఆఫీసరు అంటే, ఒంటికి తడి గోనె చుట్టుకుని మరీ చెట్టెక్కాడు. ఆఫీసరు భుజం కూడా తట్టాడు.

వాచ్‌మన్ కుంచె లాక్కుని విరిచేశాడు.

"ఈ మలుపు వరకే అయింది బాబూ. అవతల ఇంకా..."

"అవతల సంగతి నేను చూసుకుంటాను. నడు."

ఆవిడ పూలవైపు ఒకసారి చూసి గేటు దాటింది.

"ఏమయ్యా, పెద్దావిడని అలా తోలేశావేం?" టిక్కెట్టు కిటికీలోంచి భార్య అడిగింది.

"నీకు తెలీదు, ఊరుకో. ఉద్యోగం నిలబెట్టుకున్నాను."

ఆవిడ మళ్ళీ రాలేదు. పూలు వాడిపోయాయి. కాయలు ఎండాయి.

ఒక పొద్దున పిచ్చుకల గుంపు దిగింది. గింజల కోసం ఏటా వచ్చేవే. మలుపుకి ఇవతల ఒకదాని మీద ఒకటి పడి తింటున్నాయి. అవతల ఒక్కటీ వాలలేదు.

"చూశావా? అటంతా విషం పెట్టి పోయింది," అన్నాడు భార్యతో.

"ఇటు కదా ఆవిడ తిరిగింది?" అందామె.

వాచ్‌మన్ అవతలికి వెళ్ళి ఒక కాయ నలిపాడు. తాలు. ఇంకోటి నలిపాడు. అదీ తాలే. వచ్చే ఏడు అక్కడ మొలవడానికి ఒక్క గింజ లేదు.

ఇవతలికొచ్చి నలిపితే, అరచేతిలో నల్లటి గింజలు గలగలా రాలాయి.

"ఇటు మాత్రం ఎలా కాసిందయ్యా?" అంది భార్య.

అతను గేటు పక్క చెట్టుకేసి చూశాడు. పొగ మసి అంటిన కొమ్మ బోసిగా ఉంది. బయట రోడ్డు మీదా ఎవరూ లేరు. పూలకాలం అయిపోయింది.

ఆ దారిలో మిగిలిన, కుంచె పట్టిన ఆఖరి తేనెటీగని కూడా తనే తరిమేశాడు.